ఫిల్, అయోటా, జెనరేట్, జెనరేట్_ఎన్: వెక్టర్ నింపడానికి ఏది మేలు?

విశాఖ మధురవాడ ఐటీ కంపెనీల్లో ఉద్యోగం కోసం తయారవుతున్న కుర్రాళ్లను సీ ప్లస్ ప్లస్‌లో ఒక వెక్టర్ (పెంచుకోగల గడుల వరస) నింపమంటే చాలామంది ముందు ఫర్ లూప్ రాస్తారు. తప్పేం కాదు. కానీ లూప్ మొత్తం చదివితే గానీ అందులో ఏం నింపుతున్నారో తెలియదు. లైబ్రరీ ఆల్గరిథమ్ అయితే పేరు చూడగానే తెలిసిపోతుంది.

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే బస్సుకు టికెట్ల ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. టెస్ట్ చేయడానికి ఉత్తుత్తి డేటా కావాలి.

సీట్లన్నీ మొదట ఖాళీ అని చూపించాలంటే అన్ని గడుల్లోనూ ఒకే విలువ పెట్టే ఫిల్ చాలు. వెక్టర్ తయారు చేసేటప్పుడే సైజు, విలువ ఇచ్చేస్తే అదీ అక్కర్లేదు.

టికెట్ నంబర్లు 1001 నుంచి వరసగా రావాలంటే అయోటా. 2011 స్టాండర్డ్‌లో వచ్చింది. ఇది ఆల్గరిథమ్ హెడర్‌లో (ప్రోగ్రాం పైన ఇన్‌క్లూడ్ చేసే ఫైల్) ఉండదు, న్యూమరిక్ హెడర్‌లో ఉంటుంది. కంపైలర్ పేరు తెలియదంటే ముందు అదే చూడండి. పూర్ణాంకాలైతే ఒక్కొక్కటే పెంచుకుంటూ పోతుంది కాబట్టి 5, 10, 15 కావాలంటే దీనితో కుదరదు.

అలాంటి చోట, లేదా ప్రయాణికుల సంఖ్య ర్యాండమ్‌గా కావాలన్నప్పుడు జెనరేట్ వాడాలి. ఆర్గ్యుమెంట్లు లేని ఒక ఫంక్షన్ ఇస్తే ఒక్కో గడికి ఒక్కోసారి దాన్ని పిలిచి, వచ్చిన విలువను అందులో పెడుతుంది. జెనరేట్_ఎన్ కూడా అంతే, కాకపోతే చివర ఎక్కడో కాకుండా ఎన్ని కావాలో చెబుతాం.

ఈ రెండింటి మధ్యే అసలు తికమక. వెక్టర్‌కు రిజర్వ్ మాత్రమే చేసి జెనరేట్ పిలిస్తే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. చోటు దొరికిందే తప్ప సైజు ఇంకా సున్నాయే. అక్కడే బిగిన్ (వెక్టర్ మొదలు) ఇచ్చి జెనరేట్_ఎన్ పిలిస్తే ఇంకా ప్రమాదం: లేని ఎలిమెంట్లలో రాస్తుంది, ఒక్కోసారి పనిచేసినట్టే కనిపిస్తుంది. ఖాళీ వెక్టర్ అయితే జెనరేట్_ఎన్‌కు, విలువలను వెక్టర్ చివర చేర్చుకుంటూ పోయే బ్యాక్ ఇన్సర్టర్ జోడించండి. సైజు ముందే ఉంటే జెనరేట్. నా ఓటు ఎక్కువసార్లు దీనికే, ఎందుకంటే లెక్క తప్పే అవకాశం తక్కువ.

రెండింటికీ ఉన్న ఒక మెలిక ఇంటర్వ్యూలో అడగదగ్గది. మనమిచ్చిన ఫంక్షన్‌ను ఇవి కాపీగా తీసుకుంటాయి. ర్యాండమ్ అంకెలు ఇచ్చే ఎంటీ 19937 ఇంజన్‌ను నేరుగా ఇచ్చి రెండు బస్సుల డేటా నింపితే రెండింట్లోనూ అవే అంకెలు వస్తాయి. ముందుకు కదిలింది కాపీ, మన ఇంజన్ ఉన్నచోటే ఉంది. పైగా ఆ ఇంజన్ లోపల 624 సంఖ్యల స్థితి ఉంటుంది, పిలిచినప్పుడల్లా అదంతా కాపీ కావాలి. కాపీ బదులు అసలు ఇంజన్‌నే వాడేలా రెఫ్‌లో చుట్టి ఇవ్వండి, లేదా ఇంజన్‌ను రిఫరెన్స్‌గా పట్టుకున్న లాంబ్డా (అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్) ఇవ్వండి. 2020 స్టాండర్డ్‌లో వచ్చిన రేంజెస్ వెర్షన్‌లో జెనరేట్‌కు బిగిన్, ఎండ్ రాసే బాధ తప్పింది గానీ ఈ కాపీ సంగతి మారలేదు.

ఇక ఛార్జీలు. రుషికొండకు ఒకటి, భీమిలికి ఒకటి అంటూ దూరాన్ని బట్టి రావాలంటే జెనరేట్‌తో కుస్తీ పట్టొద్దు. దూరాల వెక్టర్ చేతిలో ఉంది కాబట్టి ఒక్కో దూరాన్నీ ఫంక్షన్‌కు ఇచ్చి ఛార్జీగా మార్చే ట్రాన్స్‌ఫార్మ్ వాడండి. జెనరేట్‌కు ఇప్పుడు నింపుతున్నది ఎన్నో గడో కూడా తెలియదు.