ఫ్లేర్ టూల్, చిన్న టార్క్ రెంచ్, క్రోఫుట్: ఇంట్లో కట్టే విమానం గొట్టాలకు ఏది పనికొస్తుంది, ఏది రాదు

ఇంట్లో కట్టుకునే చిన్న విమానాల్లో పెట్రోలు, బ్రేకు లైన్లు ఎక్కువగా ఒకే రకం జోడింపు మీద ఆధారపడతాయి. అల్యూమినియం గొట్టం చివర గంట మూతిలా విచ్చుకున్న 37 డిగ్రీల ఫ్లేర్, దాని వెనక ఏఎన్ 819 స్లీవ్ అనే చిన్న తొడుగు, ఆ పైన ఏఎన్ 818 నట్టు (ఏఎన్ అంటే అమెరికా విమాన భాగాల ప్రమాణం). నట్టు తిప్పితే స్లీవ్ ముందుకు జరిగి ఫ్లేర్‌ను ఫిట్టింగ్ (గొట్టం వచ్చి కలిసే ముక్క) కోన్ మీద అదిమి పట్టుకుంటుంది. కారకుండా ఆపేది ఆ లోహం మీద లోహం కూర్చోవడమే. మరలకు అందులో పనేమీ లేదు, అవి అదమడానికే.

ఈ పనికి కావాల్సిన మూడు పనిముట్లను, మన జిల్లాల్లో దొరికే ఒక సేవను ఇక్కడ చూద్దాం. మా మాట ముందే చెప్తాం: డబ్బు మొదట ఫ్లేర్ టూల్ మీద పెట్టండి, తర్వాతే టార్క్ రెంచ్ మీద. రెంచ్ ఎంత బలంతో తిప్పారో చెప్తుంది తప్ప కింద ఫ్లేర్ పగిలిందో, వంకరగా కూర్చుందో చెప్పదు.

నల్గొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా ఫ్లేరింగ్ టూల్ అడిగితే సాధారణంగా చేతికొచ్చేది ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌లు రాగి గొట్టాలకు వాడే టూల్. దాని కోన్ 45 డిగ్రీలు. విమానం ఫిట్టింగ్‌కు 37 కావాలి. ఎనిమిది డిగ్రీల తేడా కంటికి కనిపించదు. నట్టు చక్కగా ఎక్కుతుంది, పెట్టిన బలం చేరగానే రెంచ్ క్లిక్ కూడా అంటుంది. కానీ ఫ్లేర్ కోన్‌ను వెడల్పాటి పట్టీగా తాకాల్సింది సన్నటి గీత మీద మాత్రమే తాకుతుంది. మొదట కారకపోవచ్చు. ఇంజిన్ అదురుకు ఆ గీత దగ్గర లోహం అలసిపోయి చీలుతుంది. ఎంత చవకగా వచ్చినా ఈ టూల్ వద్దు. కొనే ముందు బాడీ మీద కోణం చూడండి. కోణం రాయకపోతే అది 45 అనే అనుకోండి.

మాకు నచ్చినది కోన్ దొర్లుతూ తిరిగే రకం. రిడ్జిడ్ 377, పార్కర్ రోలో-ఫ్లెయిర్ ఈ జాతివి. చవక టూల్లో కోన్ నేరుగా లోపలికి దిగి గొట్టం మూతిని రాసుకుంటూ తెరుస్తుంది. ఇందులో కోన్ కొంచెం పక్కకు ఉండి, చుట్టూ దొర్లుతూ లోహాన్ని మెల్లగా పరుస్తుంది. అందుకే ఫ్లేర్ లోపలి ముఖం అద్దంలా నున్నగా వస్తుంది, గోడ మందం చుట్టూ సమంగా ఉంటుంది. 5052-ఓ రకం మెత్తటి అల్యూమినియం గొట్టం గోడ 0.035 అంగుళం, అంటే 0.9 మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ పలుచని గోడకు ఈ తేడా చాలా పెద్దది. ఒక లోటు ఉంది: ఇది సింగిల్ ఫ్లేర్ మాత్రమే చేస్తుంది. మెత్తటి అల్యూమినియంలో 3/8 అంగుళం, అంతకంటే సన్న గొట్టాలకు డబుల్ ఫ్లేర్ (మూతిని రెండు పొరలుగా మడిచేది) అడిగే మాన్యువల్స్ ఉన్నాయి. మీ కిట్ మాన్యువల్ ఏది అడిగితే అదే చేయాలి. డబుల్ అని ఉంటే ఈ టూల్ మీకు కాదు.

టూల్ ఎంత మంచిదైనా గొట్టం కోత బాగా లేకపోతే ఫలితం ఉండదు. హాక్సా వద్దు, చక్రం ఉన్న ట్యూబ్ కట్టర్‌తోనే కోయండి. ప్రతి చుట్టుకూ కొంచెమే బిగిస్తూ పోవాలి, ఒక్కసారే గట్టిగా బిగిస్తే మూతి లోపలికి ముడుచుకుంటుంది. కోసిన అంచు లోపలా బయటా గీరి నున్నగా చేయండి. అక్కడ మిగిలిన చిన్న ముల్లే ఫ్లేర్ అంచున చీలికకు మొదలు. నట్టు, ఆ తర్వాత స్లీవ్ గొట్టంలోకి ఎక్కించాకే ఫ్లేర్ చేయాలి, తర్వాత ఎక్కవు. కోన్ మీద ఒక చుక్క నూనె చాలు. ఫ్లేర్ అయ్యాక స్లీవ్‌ను దాని కిందికి జరిపి చూడండి: ఫ్లేర్ అంచు స్లీవ్ లోపలి వాలు దాటి రావాలి, స్లీవ్ బయటి అంచును మాత్రం దాటకూడదు. చిన్నదైతే బిగింపులో జారి బయటికి వస్తుంది. పెద్దదైతే నట్టు మరల్లో ఇరుక్కుంటుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో అంచంతా ఒకసారి తిప్పి చూడండి. వెంట్రుక మందం చీలిక కనిపించినా కోసేసి మళ్లీ చేయాలి. అందుకే గొట్టాన్ని మొదటే కొలతకు సరిగ్గా కోయకుండా కాస్త పొడుగ్గా ఉంచుకోండి.

ఇప్పుడు టార్క్ రెంచ్. టైర్ల షాపుల్లో, ట్రాక్టర్ షెడ్డుల్లో ఉండే అర అంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు ముక్కు) రెంచ్ సాధారణంగా 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల రకం. మన పనికి అది పూర్తిగా అనవసరం. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వారి ఏసీ 43.13-1బీ అనే మార్గదర్శక పత్రం పట్టికలో అల్యూమినియం గొట్టం మీద ఏఎన్ 818 నట్టుకు ఇచ్చిన అంకెలు ఇవి: పావు అంగుళం గొట్టానికి 50–65 ఇంచ్-పౌండ్లు, 3/8కి 110–130, అర అంగుళానికి 230–260. మన రెంచ్‌ల భాషలో చెప్పాలంటే వరుసగా 5.6–7.3, 12.4–14.7, 26–29.4 న్యూటన్ మీటర్లు. స్టీలు గొట్టాల అంకెలు ఇదే పట్టికలో పక్క వరుసలో ఉంటాయి, పావు అంగుళానికే 135–150. తొందరలో ఆ వరుస చదివి అల్యూమినియం మీద పెడితే ఫ్లేర్ చితికిపోతుంది. కొన్ని కిట్ మాన్యువల్స్‌లో ఇంతకంటే తక్కువ అంకెలు కూడా ఉంటాయి. అలాంటప్పుడు మాన్యువల్ మాటే చెల్లుతుంది. ఒక పట్టిక కిందిది, ఇంకో పట్టిక పైది తీసుకొని కలపకండి.

కాబట్టి కొనాల్సింది 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల క్లిక్ రెంచ్. సైకిళ్లు, బైకులు బాగుచేసేవాళ్ల కోసం వచ్చే పావు అంగుళం డ్రైవ్ రకం చాలు. కచ్చితత్వం సాధారణంగా రెంచ్ పరిధిలో 20 శాతం నుంచి 100 శాతం వరకే హామీ ఉంటుంది. 25 రకానికి 5 దగ్గర నుంచి లెక్క మొదలవుతుంది కాబట్టి పావు అంగుళం గొట్టం అందులోనే వస్తుంది. దీని మైనస్, తక్కువ టార్క్ దగ్గర క్లిక్ శబ్దం సన్నగా ఉండటం. షెడ్డులో కంప్రెసర్ నడుస్తుంటే వినబడదు. చెవితో కాకుండా అరచేతిలో తగిలే చిన్న జారుడుతో పట్టుకోవాలి. కంప్రెసర్ ఆపేసి బిగిస్తే ఇంకా మంచిది. పని అయ్యాక రెంచ్‌ను కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగ్ వదులవుతుంది. నట్లు విప్పడానికి దీన్ని వాడకండి.

గొట్టం మీద నట్టుకు సాకెట్ ఎక్కదు కాబట్టి క్రోఫుట్, అంటే రెంచ్ డ్రైవ్‌కు తగిలించే పొట్టి పానా తల, తప్పదు. ఇక్కడ సైజుల చిక్కు ఉంది. ఏఎన్ 818 నట్ల తల అంగుళాల్లో ఉంటుంది: పావు అంగుళం గొట్టానికి 9/16, 3/8కి 11/16, అర అంగుళానికి 7/8. మన హార్డ్‌వేర్ షాపుల్లో ఉండేవి ఎక్కువగా మిల్లీమీటరు పానాలు. 9/16 అంటే 14.3 మిల్లీమీటర్లు, 14 పానా ఎక్కదు, 15 జారుతుంది. 11/16కి 17 ఎక్కదు, 18 వదులు. 7/8 అంటే 22.2, 22 పానా అంచు దగ్గరే ఆగిపోతుంది. నీలం రంగు అల్యూమినియం నట్టు మూలలు స్టీలు పానా జారితే ఒక్కసారికే గుండ్రమవుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, అంగుళాల ఫ్లేర్-నట్ క్రోఫుటే తీసుకోండి. నోరు తెరిచిన మామూలు క్రోఫుట్ రెండు ముఖాలను మాత్రమే పట్టుకుంటుంది. ఫ్లేర్-నట్ రకం నట్టును చుట్టుముట్టి పట్టుకుంటుంది. డ్రైవ్ 3/8 అయితే రెంచ్‌కు పావు నుంచి 3/8 అడాప్టర్ కావాలి. అది ఎత్తు పెంచుతుంది కానీ టార్క్ లెక్క మార్చదు.

లెక్క మార్చేది క్రోఫుట్. దాన్ని రెంచ్‌కు నేరుగా ముందుకు పెడితే చేతి పొడవు పెరిగినట్టు అవుతుంది, నట్టు మీద పడే టార్క్ రెంచ్ చూపేదానికంటే ఎక్కువ. సరిచేసే లెక్క చిన్నదే: కావాల్సిన టార్క్‌ను రెంచ్ పొడవుతో గుణించి, రెంచ్ పొడవు, క్రోఫుట్ పొడవు కలిపిన మొత్తంతో భాగించాలి. రెంచ్ పొడవు డ్రైవ్ మధ్య నుంచి పిడి మధ్య వరకు కొలవాలి. ఉదాహరణకు రెంచ్ 24 సెంటీమీటర్లు, క్రోఫుట్ 3 అయితే, 3/8 గొట్టానికి 13.5 న్యూటన్ మీటర్లు కావాలంటే రెంచ్‌ను 12 దగ్గర పెట్టాలి. క్రోఫుట్‌ను రెంచ్‌కు 90 డిగ్రీల్లో పక్కకు పెడితే ఈ లెక్కే అవసరం లేదు, కావాల్సిన అంకె నేరుగా పెట్టుకోవచ్చు. చోటు ఉన్నంతవరకు 90 డిగ్రీలే మేలు. పావు అంగుళం గొట్టానికి మరీను, ఎందుకంటే నేరుగా పెడితే రెంచ్ అంకె 5.8 దాకా దిగి పరిధి అడుగుకు చేరుతుంది.

అర అంగుళం నట్టుకు మాత్రం ఈ పెరుగుదలే సాయం చేస్తుంది. అదే రెంచ్‌ను గరిష్ఠం 25 దగ్గర పెట్టి క్రోఫుట్‌ను నేరుగా ముందుకు ఉంచితే నట్టు మీద 28.1 న్యూటన్ మీటర్లు పడుతుంది. 26–29.4 మధ్యలో ఉంటుంది కాబట్టి రెండో రెంచ్ కొనే ఖర్చు తప్పుతుంది. మీ రెంచ్, క్రోఫుట్ పొడవులు వేరైతే లెక్క మళ్లీ కట్టుకోవాలి.

కొత్త రెంచ్ అయినా డబ్బాలో వచ్చిన కాగితాన్ని నమ్మి ఊరుకోవద్దు. సంవత్సరానికో, 5000 క్లిక్‌లకో, ఏది ముందైతే అప్పుడు ఎన్‌ఏబీఎల్ (పరీక్ష ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌లో చూపించాలి. మధ్యలో షెడ్డులోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. డ్రైవ్‌ను వైస్‌లో నిలువుగా పట్టించి, రెంచ్ నేలకు సమాంతరంగా పక్కకు తిరిగేలా పెట్టండి. డ్రైవ్ మధ్య నుంచి 25.4 సెంటీమీటర్ల దగ్గర కొక్కెం తూకంతో అడ్డంగా, రెంచ్‌కు లంబంగా గుంజండి. అంత పొడవు లేని రెంచ్‌కు 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకొని లెక్క కట్టుకోండి. 12.5 న్యూటన్ మీటర్లకు పెట్టిన రెంచ్ 25.4 దగ్గర తూకం 5 కిలోలు, 20 దగ్గర 6.4 కిలోలు చూపినప్పుడు క్లిక్ అనాలి. బరువు కిందికి వేలాడదీస్తే రెంచ్ సొంత బరువు కూడా కలిసి లెక్క తప్పుతుంది, అందుకే అడ్డంగా గుంజాలి. కొక్కెం తూకాన్ని ముందుగా కిరాణా షాపులో ముద్ర ఉన్న 5 కిలోల రాయితో సరిచూసుకోండి.

బిగించే వరుస ఇది. గొట్టాన్ని ఫిట్టింగ్ దగ్గరికి తెచ్చినప్పుడు చేతితో లాగకుండానే ఫ్లేర్ కోన్ మీద తిన్నగా కూర్చోవాలి. నట్టుతో గుంజి గొట్టాన్ని దారికి తెచ్చుకోవడం ఈ పనిలో అన్నిటికంటే చెడ్డ అలవాటు. అలా గుంజిన బలం గొట్టంలో ఉండిపోయి స్లీవ్ వెనక చీలికగా బయటపడుతుంది. రెండు స్థిరమైన ఫిట్టింగ్‌ల మధ్య గొట్టం సూటిగా వేయకూడదు, కనీసం ఒక వంపు ఉండాలి, అప్పుడే వేడికి సాగినా అదిరినా తట్టుకుంటుంది. నల్గొండ ఎండలో రేకుల షెడ్డు లోపల దీని అవసరం బాగా తెలుస్తుంది. నట్టు మరలకు, స్లీవ్ వెనకకు ఒక చుక్క నూనె రాయండి, పొడి అల్యూమినియం మరలు ఒకదాన్నొకటి పట్టేస్తాయి. ఫ్లేర్ ముఖం మాత్రం పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి. నట్టు చివరిదాకా వేళ్లతోనే రావాలి, రాకపోతే ఆగి కారణం చూడండి. ఫిట్టింగ్ బాడీని రెండో పానాతో పట్టుకొని రెంచ్‌ను మెల్లగా లాగండి. అయ్యాక నట్టు నుంచి ఫిట్టింగ్ మీదికి రంగు గీత గీయండి, కదిలితే గీత విరిగి కనిపిస్తుంది.

ఫ్లేర్ మరలకు టెఫ్లాన్ టేపు, సీలెంట్ ఏదీ వద్దు. అవి వాలు మరలు ఉన్న ఎన్‌పీటీ జోడింపులకే. అక్కడ కూడా పెట్రోలు లైన్‌లో టేపు వద్దు, తెగిన పోగులు ఫిల్టర్‌లోకి, కార్బురేటర్‌లోకి పోతాయి. పెట్రోలుకు ఆగే పేస్టు వాడి, మొదటి మర ఖాళీగా వదలండి. ఎన్‌పీటీ ఎల్బోను దిశ కోసం వెనక్కి తిప్పకూడదు, ముందుకే తిప్పి సరిచేయాలి.

జోడింపు కారితే ముందుగా ఒత్తిడి తీసేయండి. తర్వాత నట్టు విప్పి ఫ్లేర్, కోన్, స్లీవ్ మూడూ చూడండి. దుమ్ము, గీత, వంకర ఏదో ఒకటి ఉంటుంది. పట్టిక గరిష్ఠాన్ని దాటి ఇంకొంచెం బిగిస్తే ఆ రోజు ఆగుతుంది, కానీ ఫ్లేర్ గోడ పలుచబడి కొన్ని గంటల అదురుకే చీలుతుంది.

చివరగా హైడ్రాలిక్ హోస్ షాపులు. వరి హార్వెస్టర్లు, జేసీబీలు, బోరు బండ్ల వల్ల మిర్యాలగూడ, నల్గొండ, జడ్చర్ల వైపు ఈ పనివాళ్ల చేతి నైపుణ్యం బాగుంటుంది. అరిగిన హోస్ ఇస్తే చూస్తుండగానే కొత్తది కోసి, చివర ఫిట్టింగ్‌ను నొక్కి బిగించి (క్రింప్ చేసి) ఇస్తారు. పని వేగానికి, మర్యాదకు మంచి మార్కులు వేస్తాం. కానీ విమానం పెట్రోలు లైన్‌కు ఆ హోస్ వాడకండి, అది హైడ్రాలిక్ ఆయిల్ కోసం చేసినది, పైగా స్టీలు అల్లికతో బరువు. ఫిట్టింగ్‌ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాళ్ల డబ్బాల్లో బీఎస్పీ, మెట్రిక్, జేఐసీ అనే వేర్వేరు ప్రమాణాల ఫిట్టింగ్‌లు కలిసి ఉంటాయి. జేఐసీ కూడా 37 డిగ్రీలదే, కానీ ఏఎన్ అంత బిగువు మరలు కావు. మెట్రిక్ ఎం14×1.5 మరింత మోసం చేస్తుంది: 3/8 గొట్టం నట్టు మర 9/16-18, బయటి కొలత 14.3 మిల్లీమీటర్లు. ఆ నట్టు ఎం14 మీద రెండు మూడు చుట్లు చక్కగా తిరిగి, తర్వాత బిగుసుకుంటుంది. అది కూర్చున్న బిగువు కాదు, మర చెడుతున్న బిగువు. షాపుకు పోతే మర కొలిచే పిచ్ గేజ్ మీ జేబులోనే పెట్టుకొని పోండి. బ్రేకు లైన్ కోసం ఆయిల్ అడిగితే కార్ల డాట్ 3 చేతికిస్తారు. చిన్న విమానాల బ్రేకుల్లో నైట్రైల్ ఓ-రింగులు ఉంటే అది వాటిని ఉబ్బించి పాడు చేస్తుంది, ఎర్రటి ఎంఐఎల్-హెచ్-5606 రకమే కావాలి. ఈ షాపుల నుంచి తప్పకుండా తెచ్చుకోవాల్సింది ఒకటే: ప్లాస్టిక్ మూతలు. ఫ్లేర్ చేసిన ప్రతి గొట్టం చివరకూ, ఖాళీగా ఉన్న ప్రతి ఫిట్టింగ్‌కూ బిగించేదాకా మూత ఉండాలి.