చీకటి పడితే పోయే కెమెరా, మూడేళ్ల పీఓఈ టెస్టర్

గుంటూరులో సీసీ కెమెరాలు బిగించే పని నాది. మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో రెండున్నర వేలు పెట్టి పీఓఈ టెస్టర్ కొన్నాను. పీఓఈ అంటే బొమ్మ వచ్చే నెట్‌వర్క్ కేబుల్లోనే కెమెరాకు కరెంటు కూడా పంపడం. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. అటొక జాక్, ఇటొక జాక్, మధ్యలో చిన్న తెర. కెమెరాల కేబుళ్లు కలిసే నెట్‌వర్క్ స్విచ్ నుంచి వచ్చే కేబుల్ ఒకవైపు, కెమెరాకు వెళ్లే ప్యాచ్ కార్డ్ (పొట్టి కేబుల్ ముక్క) రెండోవైపు గుచ్చితే, నెట్‌వర్క్ కేబుల్లో కరెంటు ఎన్ని వోల్టులు వస్తోందో, కెమెరా ఎన్ని వాట్లు లాగుతోందో చూపిస్తుంది. కంపెనీ పేరు చెప్పి లాభం లేదు, ఇదే డబ్బా నాలుగైదు స్టిక్కర్లతో దొరుకుతోంది.

అంతకుముందు మల్టీమీటర్‌తోనే నెట్టుకొచ్చేవాణ్ని. పద్ధతిగా తయారైన పీఓఈ స్విచ్ ముందు పది వోల్టుల దాకా చిన్న వోల్టేజీ పంపి చూస్తుంది. అవతల 25 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ దొరికితేనే 48 వోల్టులు వదులుతుంది. మల్టీమీటర్ పెడితే స్విచ్‌కి అదేమీ దొరకదు, కరెంటు రాదు. ఆ సంగతి తెలియక బాగున్న పోర్టులను పోయాయని చెప్పి స్విచ్ మార్పించిన రోజులున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ టెస్టర్ విలువ ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో తెలిసింది. వెనక గేటు కెమెరా రోజూ చీకటి పడగానే ఆగి, మళ్లీ వచ్చి, మళ్లీ ఆగేది. "పగలంతా బాగానే ఉంటుంది బాబూ, రాత్రే బొమ్మ పోతుంది, దొంగలు వచ్చేది పగలా?" అన్నారు ఓనరుగారు. అప్పటికే కెమెరా ఒకసారి మార్చాను. ఈసారి నిచ్చెనెక్కి కెమెరా దగ్గరే టెస్టర్ పెట్టాను. పగలు 44 వోల్టులు, 4 వాట్లు. తప్పేమీ కనిపించలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలగగానే వాట్లు పదికి ఎగబాకాయి, వోల్టేజీ 37 దగ్గర ఊగింది, కెమెరా రీస్టార్ట్ అయింది. ఏఎఫ్ రకం (802.3af అనే పీఓఈ స్టాండర్డ్) కెమెరాకు కనీసం 37 వోల్టులు అందాలి, ఇది సరిగ్గా ఆ అంచు మీద నిలబడింది.

స్విచ్ దగ్గర 48 ఉంటే కెమెరా దగ్గర 37. మిగతా 11 వోల్టులు దారిలోనే పోతున్నాయి. వెతికితే షెడ్డు చూరు కింద టేపు చుట్టిన జాయింటు ఒకటి దొరికింది, లోపల చిలుం పట్టి పచ్చగా ఉంది. అది తీసి కొత్తగా వేస్తే రాత్రి 43 వచ్చింది. అయినా నాకు తృప్తి లేదు. ఆ 90 మీటర్ల కేబుల్ అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన సీసీఏ రకం, అదీ సన్నది. వారం తర్వాత అసలు రాగి కేబుల్ లాగితే రాత్రి కూడా 46 నిలబడింది. 2003 నాటి ఏఎఫ్ లెక్క ప్రకారం స్విచ్ 15.4 వాట్లు ఇస్తే పరికరానికి 12.95 చేరుతుంది. తేడా దారి ఖర్చు. మనవాళ్లు కేబుల్ దగ్గర పొదుపు చేసి ఆ ఖర్చును రెండింతలు చేసుకుంటారు.

ఇంకో మేలు. కేబుల్లోకి కరెంటు పంపే చవక డబ్బాలు కొన్ని అవతల ఏముందో చూడకుండానే నేరుగా 24 లేదా 48 వోల్టులు తోసేస్తాయి. పాసివ్ పీఓఈ అంటారు. 48ది అయితే ల్యాప్‌టాప్ పోర్టు కాలిపోవచ్చు. ఈ తెర మీద స్టాండర్డ్ పేరు రాకుండా వోల్టులు మాత్రమే కనిపిస్తే నేను చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

లోపాలు లేకపోలేదు. ఎండలో తెర కనపడదు, టవలు కప్పుకుని చూడాల్సిందే. రెండు వాట్ల లోపు రీడింగ్ నమ్మలేం. మధ్యలో ఇది ఉంటే గిగాబిట్ లింక్ వేగం 100 మెగాబిట్లకు పడిపోతుంది, అందుకే చూసి తీసేయాలి, వదిలేయకూడదు. అన్నిటికన్నా పెద్ద బాధ జాక్. ఏడాదిన్నరకే లోపలి పిన్నులు వదులై, కెమెరాదో టెస్టర్‌దో తప్పు తెలియక టెన్షన్ పెట్టింది. ఆ తర్వాత రెండోది కొన్నాను. దానికి మాత్రం రెండు వైపులా పొట్టి ప్యాచ్ కార్డులు గుచ్చి, కప్లర్లు (రెండు కేబుళ్లను కలిపే జాక్‌లు) తగిలించి వదిలేశాను. అరిగితే ఆ కార్డులే అరుగుతాయి, ముప్పై రూపాయలతో పోతుంది.

పాతది మా కుర్రాడి బ్యాగులో ఉంది. బిగించిన ప్రతి కెమెరా డబ్బా లోపల పగటి వోల్టులు, రాత్రి వోల్టులు స్కెచ్ పెన్‌తో రాయమన్నాను. పగటివి రాస్తాడు. రాత్రివి రాయడానికి మాత్రం ఇంటికెళ్లే తొందర.