మాంట్రో: కాలిపోయిన కాసినో, పరుపులు కట్టిన కారిడార్

గిటార్ కొన్న మొదటి వారంలో అందరూ వాయించి చూసే బిట్టు ఒకటుంది. డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బృందం పాట ‘స్మోక్ ఆన్ ద వాటర్’ మొదట్లో వస్తుందే, అది. మా తమ్ముడు ఇంటర్లో ఉండగా వేసవి సెలవులంతా మా ఇంట్లో అదే మోగింది. 2019 డిసెంబరులో ఆ పాట పుట్టిన ఊరికే ఇద్దరం వెళ్ళాం. స్విట్జర్లాండ్‌లోని మాంట్రో, జెనీవా నుంచి రైల్లో గంట. కుడివైపు కిటికీ పట్టుకోండి, దారి పొడవునా సరస్సే.

1971 డిసెంబరులో ఆ బృందం ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్ కోసం ఇక్కడికొచ్చింది. రోలింగ్ స్టోన్స్ అనే మరో రాక్ బృందం వాళ్ళ మొబైల్ రికార్డింగ్ ట్రక్కు తెచ్చుకుని, కాసినో హాల్లో వాయించాలని అనుకున్నారు. డిసెంబరు 4న అక్కడ అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ. జనంలో ఎవరో ఫ్లేర్ గన్ (మండే సిగ్నల్ వెలుగు వదిలే తుపాకీ) పైకప్పుకేసి పేల్చారు, కాసినో తగలబడిపోయింది. ప్రాణాలు పోలేదు. ఊళ్ళో జరిగే జాజ్ సంగీతోత్సవాన్ని నడిపే క్లాడ్ నాబ్స్ లోపల చిక్కుకున్న పిల్లల్ని బయటికి తెచ్చారు. సరస్సు మీద కమ్ముకున్న ఆ పొగే పాటకు పేరైంది. కొన్నాళ్ళకు నిద్రలేస్తూనే ఆ మాట బాస్ వాయించే రోజర్ గ్లోవర్ నోట్లో ఉందట.

ఇప్పుడున్నది 1975లో మళ్ళీ కట్టిన కాసినో. అందులో క్వీన్ అనే రాక్ బృందం వాడిన మౌంటెన్ స్టూడియోను మ్యూజియం చేశారు. టికెట్ లేదు, తోచినంత విరాళం వేయొచ్చు. మీటలు కదిపి పాటను మనమే మిక్స్ చేసి వినొచ్చు. తప్పక చూడండి. డీప్ పర్పుల్ కోసం వెళ్ళినవాళ్ళకు మాత్రం ఆ భవనంలో దొరికేది తక్కువ.

మా మనసు నిలిచింది మాంట్రోలోనే ఓ భాగమైన టెరిటెలో. కాసినో పోయాక డీప్ పర్పుల్ వాళ్ళు రికార్డింగుకు పెవిలియన్ అనే థియేటర్లో దిగారు. అర్ధరాత్రి ఆ మోతకు ఊరు లేచి కూర్చుంది. పోలీసులొచ్చి తలుపు బాదుతుంటే, టేక్ పూర్తయ్యేదాకా సిబ్బంది లోపలి నుంచి తలుపులు అదిమి పట్టుకున్నారు. మనం వింటున్న పాటకు మూలమైన వాయిద్యం ఆ రాత్రిదే! మర్నాటి నుంచి అక్కడ వద్దన్నారు. చివరికి టెరిటెలో చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ దొరికింది. కారిడార్‌లో సామాను పెట్టి, గోడలకు పరుపులు కట్టి, బయట ట్రక్కు దాకా కేబుళ్ళు లాగారు. రికార్డైంది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ ట్రక్కు దాకా పోవాలి. అందుకని వినడమే మానేశారు. ఆల్బమ్‌కి ఇంకాస్త నిడివి కావాల్సి వచ్చినప్పుడు పెవిలియన్‌లో రికార్డు చేసిన వాయిద్యం బయటికి తీసి, తమకు జరిగిందే పాటగా రాశారు.

ఆ భవనం ఇప్పుడు హోటల్ కాదు, లోపలికి వెళ్ళలేం. రోడ్డు మీద నిలబడి చూశాం. తమ్ముడు గ్లవుజులు తీసేసి, “అన్నా, వాళ్ళ గిటారిస్టు బ్లాక్‌మోర్ ఈ బిట్టుకు పిక్ (తీగ మీటే చిన్న బిళ్ళ) వాడడు. ఇదిగో, రెండు తీగలూ కలిపి వేళ్ళతో ఇలా లాగుతాడు” అంటూ గాల్లోనే వాయించి చూపించాడు. ఇన్నేళ్ళూ తను పిక్‌తో వాయించాడట. వేళ్ళతో లాగితే రెండు స్వరాలూ ఒక్కసారే పలుకుతాయి, ఆ బరువు అందుకే వస్తుందని అప్పుడర్థమైంది నాకు. వెనకాల ఆ బృందంలోని జాన్ లార్డ్ వాయించే ఆర్గాన్ కూడా గిటార్ ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) లోంచే మోగుతుందని బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.

బస గురించి. స్టేషన్ దగ్గర చిన్న లాడ్జిలో దిగాం. గది శుభ్రమే, కానీ హీటరు పనిచేయలేదు. రెండుసార్లు చెబితే ఇంకో రెండు దుప్పట్లు ఇచ్చారు. డిసెంబరులో వెళ్తే డబ్బు కట్టేముందే హీటరు వేయించి చూసుకోండి. బస చేసినవాళ్ళకు ఇచ్చే రివియెరా కార్డు అడిగి తీసుకోండి, ఊళ్ళో బస్సులు ఉచితం. 201 నంబరు బస్సు టెరిటె మీదుగా షియోన్ కోటకు పోతుంది. మేము టెరిటెలో దిగి, అక్కడి నుంచి సరస్సు ఒడ్డునే కోట దాకా నడిచాం, అరగంట కూడా పట్టలేదు.