14 పళ్ల నుంచి 15కి: 100 సీసీ బండికి ముందు స్ప్రాకెట్ మార్చి 18 వేల కిలోమీటర్లు తిరిగాక

ఇంజన్ దగ్గర చైన్‌ని తిప్పే పళ్ల చక్రమే ముందు స్ప్రాకెట్. దాన్ని 14 పళ్ల నుంచి 15కి మార్చడం హైవే మీద సింగిల్‌గా రోజూ దూరం తిరిగే వాళ్లకి పనికొస్తుంది. ఘాట్ రోడ్లు, వెనక ఇంకో మనిషి, ట్యాంకు మీద బియ్యం మూట ఉండే బండికైతే వద్దు. 18 వేల కిలోమీటర్ల తర్వాత కూడా నా మాట ఇదే. స్ప్రాకెట్ మార్చడం అరగంట పని. ఆ తర్వాత చైన్ ఎంత లూజు ఉంచారన్న దాని మీదే కిట్ (చైన్, ముందూ వెనకా స్ప్రాకెట్లు) ఎన్నాళ్లు నిలుస్తుందో ఆధారపడి ఉంటుంది. ఎక్కువ మంది పాడు చేసుకునేది అక్కడే.

బండి మామూలు కమ్యూటర్. నాలుగు గేర్లు, ఇంజన్ దగ్గర 14 పళ్లు, వెనక 42, చైన్ 428 సైజు, దాని మీద పూర్తిగా మూసిన కవర్. ఒకే పేరుతో వచ్చిన బండ్లకి కూడా ఏడాదిని బట్టి వెనక పళ్లు మారుతుంటాయి, కొనే ముందు లెక్కపెట్టుకోండి. 42ని 14తో భాగిస్తే 3, 15తో భాగిస్తే 2.8. అంటే అదే స్పీడుకి ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరగాల్సిన చోట 5600 చాలు.

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక ఈ తేడా బాగా తెలుస్తుంది. 60, 65 మీద ఫుట్‌రెస్టుల్లో వచ్చే జివ్వుమనే వణుకు తగ్గుతుంది, ఇంజన్ అరుపు తగ్గుతుంది. మైలేజ్ కోసమే మార్చాలనుకుంటే మాత్రం ఆశ పెట్టుకోకండి, ఊళ్లో తిరుగుడుకి చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. టాప్ స్పీడు కూడా పెరగదు. ఎదురుగాలి ఉంటే నాలుగో గేరు లాగలేక మూడుకి దిగాల్సిందే. స్పీడ్ బ్రేకర్ దాటాక ఇంతకుముందు మూడో గేరులో కదిలే బండి ఇప్పుడు రెండు అడుగుతుంది. ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు క్లచ్ కొంచెం ఎక్కువసేపు జారించాలి, ఆ భారం క్లచ్ ప్లేట్ల మీదే పడుతుంది. శ్రీశైలం ఘాట్‌లో ఇద్దరితో ఎక్కితే రెండో గేరు వదలబుద్ధి కాదు. స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వచ్చే బండ్లలో రీడింగ్ మారదు.

ఇక బిగింపు. ముందుగా గేర్ లివర్ తీసే చోట షాఫ్ట్ మీదా లివర్ మీదా ఒకే గీత పెట్టుకోండి, లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు లివర్ ఒక పన్ను పైకో కిందికో పడుతుంది. ఎడమ కవర్ తీయగానే గ్రీజూ మట్టీ కలిసి గట్టిపడిన ముద్ద ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో గీకి, డీజిల్ బ్రష్‌తో కడిగాకే బోల్టులు ముట్టుకోండి. చైన్ ఊడదీయక ముందే, ఎవరైనా వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే, స్ప్రాకెట్ జారిపోకుండా పట్టే లాక్ ప్లేటుకున్న, 10 నంబర్ స్పానర్ పట్టే రెండు బోల్టులు తేలిగ్గా వదులవుతాయి. ప్లేటుని అర పన్ను తిప్పితే, స్ప్రాకెట్ కూర్చునే షాఫ్ట్ గాడిలోంచి అది బయటికొస్తుంది. పాత స్ప్రాకెట్ వచ్చాక షాఫ్ట్ చుట్టూ ఉండే ఆయిల్ సీల్ తడిగా ఉందేమో చూడండి. తడిగా ఉంటే సీల్ అప్పుడే మార్చాలి.

కొత్త స్ప్రాకెట్ మీద అంకెలున్న వైపు బయటికి ఉండాలి. రెండు వైపులా మందం తేడా ఉన్న స్ప్రాకెట్‌ని తిప్పి పెడితే చైన్ వెనక పళ్ల వరస నుంచి పక్కకి జరిగి, పళ్ల పక్కల్ని నమిలేస్తుంది. లాక్ ప్లేటు బోల్టులు 6 మి.మీ. మరవి, 10–12 న్యూటన్ మీటర్లకి మించొద్దు. బలంగా లాగితే తల తెగి సగం స్ప్రాకెట్‌లోనే మిగులుతుంది. బోల్టు వదులవకుండా పట్టే నీలం రంగు జిగురు (థ్రెడ్ లాక్) ఒక్క చుక్క వేస్తే చాలు.

నేను మొదట కొన్న 15 పళ్లది షాఫ్ట్ మీద వదులుగా కూర్చుంది. చేత్తో అటూ ఇటూ తిప్పితే కటకటమని ఆడేది, వెయ్యి కిలోమీటర్లకే గాళ్ల దగ్గర ఎర్రటి పొడి రాలింది. స్ప్రాకెట్ పోతే మార్చుకోవచ్చు, షాఫ్ట్ గాళ్లు పోతే ఇంజనే విప్పాలి. అందుకే పాతది షాపుకి తీసుకెళ్లి పక్కన పెట్టి చూసి కొనండి. వాడిన షాఫ్ట్ మీద కొద్దిపాటి ఆట మామూలే, ఊగడం మాత్రం మామూలు కాదు.

ఒక పన్ను పెరిగితే ఈ చిన్న స్ప్రాకెట్ అడ్డుకొలత 57 నుంచి 61 మి.మీ. అవుతుంది. అంటే చైన్ అన్ని వైపులా 2 మి.మీ. బయటికి జరుగుతుంది. అంత సందు ఇంజన్ కేసింగ్ దగ్గర ఉందో లేదో కవర్ మూసే ముందు చక్రాన్ని చేత్తో తిప్పి, చైన్ మొత్తం ఒక రౌండ్ వచ్చేదాకా చూడండి. అదే చైన్ సరిపోతుంది, వెనక చక్రం మాత్రం సుమారు 3 మి.మీ. ముందుకి రావాలి. చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపే అడ్జస్టర్ ఇప్పటికే ముందు చివరకి ఆనుకుని ఉంటే ఈ మార్పు కుదరదు.

చైన్ రెండు కొసల్నీ కలిపే లింకుకి ఉండే లాక్ క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ నడిచే దిక్కుకి ఉండాలి. పై వరసలో చైన్ ముందుకి నడుస్తుంది కాబట్టి అక్కడ చూస్తే మూసిన వైపు ఇంజన్ వైపుకి ఉంటుంది. తిరగేసి పెడితే రాయి తగిలినా క్లిప్ ఎగిరిపోతుంది.

బిగువు సంగతికొస్తే, చైన్ అంతటా ఒకేలా అరగదు. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించి చూడండి. అన్నిటికంటే టైటుగా ఉన్న చోటే 25 మి.మీ. ఆట ఉండాలి. లూజుగా ఉన్న చోట చూసి బిగిస్తే, టైటు చోటు వచ్చిన ప్రతిసారీ చైన్ తీగలా సాగి గేర్‌బాక్స్ బేరింగునీ హబ్ బేరింగునీ లాగుతుంది. బండి మీద మనిషి కూర్చుంటే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ పైకి లేచి, ఇంజన్ స్ప్రాకెట్, స్వింగార్మ్ బోల్టు, వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) ఒకే గీతలోకి వస్తాయి. చైన్‌కి ఎక్కువ పొడవు కావాల్సింది అప్పుడే. స్టాండు మీద చక్కగా టైటుగా కనిపించిన చైన్ గతుకుల్లో బిర్రబిగిసేది అందుకే. మీ మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.

మూసిన కవర్ ఉన్న బండ్లలో రబ్బరు మూత తీసి లోపలికి వేలు పెట్టి చూస్తారు. అక్కడ ఒక్క చోటే తెలుస్తుంది కాబట్టి చక్రం తిప్పుతూ చూడటం ఇంకా ముఖ్యం. అడ్జస్టర్ మర 6 మి.మీ.ది అయితే ఒక పూర్తి చుట్టుకి చక్రం 1 మి.మీ. జరుగుతుంది, రెండు వైపులా సమానంగా తిప్పండి. స్వింగార్మ్ మీది గీతలు రెండు వైపులా ఒకేలా ఉంటాయని నమ్మకం లేదు. స్వింగార్మ్ బోల్టు మధ్య నుంచి యాక్సిల్ మధ్యకి దారం పెట్టి కొలిస్తే తేలిపోతుంది. యాక్సిల్ నట్ బిగించాక ఆట మళ్లీ కొలవండి, తరచూ మూడు నాలుగు మి.మీ. తగ్గిపోతుంది. చక్రం జరిగిందంటే బ్రేకు రాడ్ కూడా మారినట్టే. పెడల్ ఆట 20–30 మి.మీ.కి తెచ్చి, బ్రేకు లైటు వెలుగుతోందో చూసి, కొత్త స్ప్లిట్ పిన్ వేయండి.

ప్రతి 500 కిలోమీటర్లకి 90 నంబర్ గేర్ ఆయిల్, లోపలి వైపు నుంచి, బండి వేడిగా ఉన్నప్పుడు. వానలో తిరిగితే ఆ సాయంత్రమే. నాట్ల రోజుల్లో ట్రాక్టర్ల చక్రాల నుంచి రోడ్డు మీద పడే మట్టి కవర్‌లోకి చేరి సాన రాయిలా పనిచేస్తుంది, అప్పుడు కవర్ విప్పి కిరోసిన్‌తో కడగక తప్పదు.

కొత్త 428 చైన్‌ని బిగువుగా లాగి 20 లింకులు కొలిస్తే 254 మి.మీ. వస్తుంది. నాది ఇప్పుడు 257 ఉంది. 259 దాటితే మారుస్తాను, చైన్ ఒక్కటే కాదు, రెండు స్ప్రాకెట్లతో సహా మూడూ కలిపి. సాగిందంటాం గానీ నిజానికి అరిగేవి పిన్నులూ బుష్‌లూ. అలా దూరం పెరిగిన చైన్ కొత్త పళ్ల మీద సరిగ్గా కూర్చోదు, అరిగి కొక్కేల్లా వంగిన పళ్లు కొత్త చైన్‌ని తినేస్తాయి. ఘాట్ ప్రయాణాల కోసం పాత 14ని దాచుకునే వాళ్లు దాని పళ్ల మొనలు ఒక పక్కకి వాలాయేమో చూసుకున్నాకే మళ్లీ ఎక్కించాలి.