శ్రీరంగపట్టణం: ప్యాకేజీ కారువాళ్ళు చూపించని కార్ఖానాల దీవి

మైసూరు వెళ్ళేవాళ్ళు ఎవరైనా శ్రీరంగపట్టణాన్ని లోకల్ ప్యాకేజీలో కలిపి చూద్దామనుకుంటే, దయచేసి ఆ పని చేయొద్దు. మైసూరులో ఒక ట్రావెల్స్ వాళ్ళు "శ్రీరంగపట్టణం ఫుల్, ఐదు పాయింట్లు" అని చెప్పి మా దగ్గర 2,400 రూపాయలు తీసుకున్నారు. పార్కింగు, టోలు మళ్ళీ మావే. చూపించింది టిప్పు సుల్తాన్ సమాధి ఉన్న గుంబజ్, ఆయన వేసవి మహలు దరియా దౌలత్, సంగమం, రంగనాథుడి గుడి, ఒక చీరల షాపు. గుంబజ్ దగ్గర ఇరవై నిమిషాలు, చీరల షాపులో గంటకు పైన. ఐదో పాయింటు ఆ షాపేనట! మేం ఏమీ కొనలేదని డ్రైవరు మొహం మాడ్చుకుని, ఏసీ కట్టేశాడు.

ఏసీ సంగతి పోనీండి. నాకు కడుపు మండింది మామయ్యగారి విషయంలో. ఆయన ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో టర్నరుగా చేసి రిటైరయ్యారు. జీవితమంతా లేతు మెషీను ముందు నిలబడ్డ మనిషి. టిప్పు కాలంలో ఫిరంగులు పోసిన ఊరు ఒకసారి చూడాలని ఎన్నేళ్ళుగానో అంటున్నారు, ఈ ప్రయాణం పెట్టుకున్నదే అందుకు. "ఫిరంగులు చేసిన చోటు చూపించు నాయనా" అని ఆయన మర్యాదగా అడిగితే, డ్రైవరు వెనక్కి కూడా తిరక్కుండా "అల్లేనూ ఇల్ల సార్, బరీ గోడె" అన్నాడు. అక్కడ ఏమీ లేదు, ఉత్త గోడలేనని. మామయ్యగారు ఇంక నోరు విప్పలేదు. సంగమం దగ్గర అందరం నీళ్ళలో దిగినా ఆయన కారు దగ్గరే నిలబడ్డారు. అత్తయ్యగారు నాతో మెల్లగా, "మీ మామయ్య అలిగితే అరుస్తారు, బాధపడితే ఇలా ఊరుకుంటారు" అన్నారు. ఆ మాటతో మావారు అక్కడికక్కడే నిర్ణయం తీసుకున్నారు: మైసూరు గది ఖాళీ చేసి, ఈ దీవి మీదే దిగుదామని.

ఆ డ్రైవరు "ఏమీ లేదు" అన్న ఊరి సంగతి చెప్తాను. కావేరి రెండుగా చీలి మళ్ళీ కలిసేచోట ఉన్న దీవి ఇది. పొడవు ఐదు కిలోమీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు అందులో మూడో వంతు. పడమటి కొసన కోట, తూర్పున గంజాం పేట. హైదర్, టిప్పుల కాలంలో ఇది రాజధాని మాత్రమే కాదు, పెద్ద కార్ఖానా. 1799 మే 4న కోట ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కాక, వాళ్ళు లోపల దొరికిన సామాన్లకు లెక్క రాసుకున్నారు. 929 ఫిరంగులు, వాటిలో కోట గోడల మీద ఎక్కించి ఉన్నవి 287. తుపాకులు లక్షకు దగ్గర. పేల్చడానికి సిద్ధంగా ఉన్న రాకెట్లు 700, మందు కూరాల్సిన ఖాళీ గొట్టాలు 9,000. వీటితో పాటు ఫిరంగులు పోతపోసే కొలుములు, గొట్టాలను తొలిచే యంత్రాలున్న భవనాలు. ఇంతటి పని జరిగిన నేల మీద కారులో తిప్పుతూ "ఏమీ లేదు" అనడానికి మనసెలా ఒప్పుతుందో!

రాకెట్ల గురించి స్కూలు పుస్తకంలో ఒక్క లైనే ఉంటుంది. అసలు గొప్పతనం గొట్టంలో ఉంది. అంతకుముందు తారాజువ్వలకు కాగితమో వెదురో వాడేవాళ్ళు. మందు కాస్త గట్టిగా దట్టిస్తే గొట్టమే పగిలిపోయేది. మైసూరు కమ్మరులు మెత్తటి ఇనుమును సాగగొట్టి, చుట్టి, గొట్టం చేశారు. ఇనుము ఆ ఒత్తిడిని తట్టుకుంది కాబట్టి మందు బాగా దట్టించి కూరారు, రాకెట్టు రెండు కిలోమీటర్ల దాకా పోయింది. దానికి పొడుగాటి వెదురు కర్రో కత్తో కట్టి వదిలేవాళ్ళు. వీటిలో కొన్నింటిని ఇంగ్లండు పట్టుకెళ్ళి పరీక్షించాకే అక్కడ కాంగ్రీవ్ అనే ఇంగ్లీషాయన తన రాకెట్లు చేశాడు. "వెల్డింగు లేని రోజుల్లో ఇంత సన్నటి గొట్టానికి అతుకు నిలబెట్టడం మాటలు కాదు" అని మామయ్యగారు తర్వాత మా అబ్బాయికి చేతులతో చేసి చూపించారు. తొమ్మిదో తరగతి పిల్లాడు ఫోను పక్కన పెట్టి వినడం నేను చూసింది అప్పుడే.

ఇక బస సంగతి. దీవి మీద ఒక లాడ్జి ఆన్‌లైన్‌లో 'రివర్ వ్యూ ఫ్యామిలీ రూమ్' అని 2,800 చూపించింది. అక్కడికి వెళ్ళి సామాన్లు దించాక కౌంటరులో మనిషి, ఐదుగురికి పరుపులు చాలవు, ఒక్కో పరుపుకీ 400 అన్నాడు. రెండు పరుపులకి 800. కిటికీ తీస్తే పక్కింటి సిమెంటు ట్యాంకు కనిపించింది. నది ఏదయ్యా అంటే, డాబా ఎక్కితే కనపడుతుందన్నాడు. డాబా తలుపుకేమో తాళం.

వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకానే వస్తాయని చెప్పి, ఆరుంబావుకే ఆపేశారు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు చన్నీళ్ళు పోసుకుని గుడికి బయల్దేరారు. ఒక దుప్పటికి కాఫీ మరక, ఇంకోదానికి ఏదో నూనె వాసన. మార్చమంటే, ఉతికినవి సోమవారం వస్తాయన్నారు. పొద్దున బిల్లులో 'సర్వీస్' అని 300 కలిపితే, ఏ సర్వీసో కాగితం మీద రాసివ్వమని నేను కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు. పావుగంటకి ఆ 300 కొట్టేశారు. గది చూడకుండా మాత్రం డబ్బులు కట్టకండి, ముఖ్యంగా ఆన్‌లైన్ ఫొటోలో నది ఉంటే. పెద్దవాళ్ళు వెంట ఉంటే మైసూరులోనే బస చేసి, తెల్లారి లోకల్ రైల్లో రండి. పది రూపాయల టికెట్టు, అరగంట కూడా పట్టదు.

ఆ పొద్దున రైల్వే స్టేషను ముందు ఒక ఆటో అబ్బాయి దొరికాడు. కార్ఖానాల చోట్లు చూపిస్తావా అంటే, ముందు "మద్దిన మనె" చూపిస్తానన్నాడు. అంటే మందుగుండు కొట్టు. సగం రోజుకి 700 అడిగాడు, బేరం కూడా ఆడలేదు.

స్టేషనుకి దగ్గర్లోనే ఉంది అది. ఇటుక, సున్నంతో కట్టిన దిట్టమైన కట్టడం. ఇలాంటివి ఈ కోట చుట్టూ ఇంకా ఉన్నాయి. దీని కథ మాత్రం వేరు. బెంగళూరు-మైసూరు రైలు మార్గం 1882లో దీవి మీదుగా వేశారు. రెండో లైను వేసేటప్పుడు ఈ కొట్టు సరిగ్గా దారికి అడ్డంగా వచ్చింది. పడగొట్టకుండా 2017లో పునాదుల కింద కోసి, జాకీలతో పైకి లేపి, మొత్తం కట్టడాన్ని అలాగే 130 మీటర్లు పక్కకి జరిపారు. బరువు సుమారు వెయ్యి టన్నులు. మామయ్యగారు దాని చుట్టూ తిరిగి, గోడ మూలలు చేత్తో తడిమారు. ఇటుకల మధ్య సున్నం ఎక్కడా నెర్రె ఇవ్వలేదు. "జాకీలన్నీ ఒక్కసారిగా, ఒకే ఎత్తుకి లేవాలమ్మాయ్. ఒక్కటి ముందు లేచిందా, గోడ చీలుతుంది" అన్నారు. నిన్నటి నుంచి ఆయన నోట్లోంచి వచ్చిన పొడుగాటి మాట అదే. కట్టినవాళ్ళ పనితనం, జరిపినవాళ్ళ పనితనం రెండూ ఒకే గోడ మీద కనిపించే చోటు ఇంకోటి నేను చూడలేదు. టికెట్టు లేదు, మా వెంట ఒక్క టూరిస్టూ లేడు.

మందుగుండుని ఇలాంటి చిన్న చిన్న కొట్లలో విడివిడిగా ఎందుకు దాచేవాళ్ళో 1799 మే 2న జరిగింది వింటే అర్థమవుతుంది. బయటి నుంచి వచ్చిన గుండు ఒకటి కోటలో రాకెట్ల కొట్టుకి తగిలి, అది బ్రహ్మాండంగా పేలింది. రెండు రోజులకే కోట పోయింది.

అక్కడి నుంచి, ఇంగ్లీషు ఖైదీలను బంధించిన బెయిలీ చెరసాల. అందరూ ఖైదీల కథ విని, గోడకున్న రాళ్ళకి చేతులానించి ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. మీరు మధ్యలో పడున్న ఫిరంగిని చూడండి. ముట్టడిలో పైకప్పు విరిగి కిందపడిందని చెప్తారు. మామయ్యగారు వంగి మూతిలోకి ఫోను టార్చి వేసి మా అబ్బాయిని పిలిచారు. పాతకాలంలో మధ్యలో మట్టి దిమ్మె పెట్టి దాని చుట్టూ పోత పోసేవాళ్ళట. దిమ్మె వెంట్రుకవాసి జరిగినా గొట్టం వంకర. తర్వాత ఫ్రాన్సు వాళ్ళు గట్టి దిమ్మగా పోసి, లోపల యంత్రంతో తొలవడం మొదలుపెట్టారు. అప్పుడు గొట్టం తిన్నగా వస్తుంది, గుండు బిగువుగా కూర్చుంటుంది. ఈ ఊళ్ళో తొలిచే యంత్రాలు ఉండేవంటే, ఆ కాలపు కొత్త విద్య ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. టిప్పు 1787లో ఫ్రాన్సు రాజు పదహారో లూయీ దగ్గరికి రాయబారం పంపినప్పుడు అడిగిన వాటిలో పనివాళ్ళూ ఉన్నారు. పట్టుపురుగుల్ని బెంగాలు నుంచి తెప్పించిందీ ఆయనే. దారిలో రామనగరలో కనిపించే పట్టుకాయల మార్కెట్టుకి మూలం అక్కడుంది.

దరియా దౌలత్‌కి మళ్ళీ వెళ్ళాం, టికెట్టు 25 రూపాయలు. ప్యాకేజీలో అరగంటలో లాగేశారు కదా, ఈసారి రెండు గంటలున్నాం. పడమటి గోడ మీద 1780 నాటి పొల్లిలూరు యుద్ధం బొమ్మ ఉంది. మైసూరు రాకెట్లు ఇంగ్లీషువాళ్ళని బెంబేలెత్తించింది ఆ యుద్ధంలోనే. లోపల నాణేలు చూడకుండా రావద్దు. ఈ ఊళ్ళోనే టంకసాల ఉండేది, ఇక్కడి రాగి కాసుల మీద ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం మడత, కాలి గోళ్ళు కూడా తెలిసేంత సన్నటి పని. అచ్చు చెక్కినవాడి పేరు ఎవరికీ తెలియదు.

గంజాంకి కారువాళ్ళు నిమిషాంబ గుడి కోసమే తీసుకెళ్తారు. ఈ పేట నింపడానికి శిరా పట్టణం నుంచి 12,000 కుటుంబాలను బలవంతంగా తరలించారని పాత గెజిటీరులో ఉంది. టిప్పు వైభవం చెప్పేవాళ్ళు ఈ మాట కూడా చెప్పాలి. యుద్ధం అయిన మరుసటి ఏడాది, ఈస్టిండియా కంపెనీ సర్వేకి పంపిన బుకానన్ వచ్చేసరికి దీవి మీద మిగిలింది 32,000 మంది. అంతకుముందు లక్షన్నర ఉండేవాళ్ళని ఆయనకు చెప్పారు. కంపెనీవాళ్ళు కొన్నాళ్ళు ఇక్కడ ఫిరంగి బండ్లు చేసే కార్ఖానా నడిపారు. దాని అధికారి స్కాట్ పేరు మీద నది ఒడ్డున ఒక బంగళా ఉంది. జ్వరాలు తగ్గక దండుని బెంగళూరుకి మార్చేశాక ఊరు పలచబడింది. 1847లో నది పక్కన పాలహళ్ళిలో బెల్లం నుంచి పంచదార తీసే ఫ్యాక్టరీ వచ్చింది కానీ, దీవికి పాత సందడి తిరిగి రాలేదు.

మన హైదరాబాదుకీ ఇందులో పాత్ర ఉంది. 1799 ముట్టడిలో నిజాం సైన్యంతో మీర్ ఆలం వచ్చాడు. జూపార్కు పక్కన ఉన్న మీర్ ఆలం చెరువుని ఆ యుద్ధంలో దక్కిన సొమ్ముతోనే కట్టించాడంటారు. ఆ మాట వినగానే అత్తయ్యగారి మొహం చిన్నబోయింది.

మధ్యాహ్నం గంజాంలో ఆటో అబ్బాయే ఒక చిన్న మెస్సుకి తీసుకెళ్ళాడు. రాగి ముద్ద, బస్సారు, అన్నం, మజ్జిగ కలిపి 80 రూపాయలు. బస్సారంటే ఆకుకూర, పప్పు ఉడికించిన నీళ్ళతో కాచే చారు, వెల్లుల్లి, మిరియాల ఘాటుతో. ముద్దని నమలకుండా మింగాలని వడ్డించే ఆవిడ మా అబ్బాయికి పక్కన నిలబడి నేర్పింది. మామయ్యగారు రెండో ముద్ద అడిగితే డబ్బు తీసుకోలేదు. "పెద్దవారు, తిననీండి" అంది. మైసూరు హోటల్లో ఐదుగురికి 1,650 పెట్టి తిన్న భోజనం ఈ చారు ముందు దేనికీ పనికిరాదు. బయట గంజాం అంజూరపళ్ళు అరకిలో 90. ఇవి ఈ మట్టికి పేరు తెచ్చిన పళ్ళు, ఎండినవి కాకుండా తాజావి దొరికితే వదలకండి.

మీరు వెళ్తే పొద్దున్నే రైలు దిగి, ముందు మందుగుండు కొట్టు, తర్వాత చెరసాల, గుడి, ఎండ ముదిరాక దరియా దౌలత్ నీడ, చివరికి గంజాం చూడండి. ఆటోకి 700 దాటి ఇవ్వొద్దు, చీరల షాపు దగ్గర ఆపితే దిగొద్దు. రాకెట్ గొట్టాలు దగ్గర్నుంచి చూడాలంటే శివమొగ్గ వెళ్ళాలి. ఆ జిల్లాలో నగర దగ్గర ఒక పాత బావిలో 2018లో వెయ్యికి పైగా దొరికాయి, శివమొగ్గలోని శివప్ప నాయక మ్యూజియంలో పెట్టారు. మామయ్యగారు తిరుగు రైల్లోనే మావారి చేత టికెట్లు వెతికించారు.