సూర్యుడి మైక్రోవేవ్‌లకు పీఎల్‌ఎల్ ఎల్‌ఎన్‌బీ జత: అనంతపురం మిద్దె మీద పనితీరు

సూర్యుడి మైక్రోవేవ్‌లను రెండు డిష్‌లతో ఒకేసారి పట్టి, ఆ సిగ్నళ్లను కలిపి చూడటానికి ఈ పీఎల్‌ఎల్ (ఆసిలేటర్‌ను క్రిస్టల్ క్లాక్‌కు కట్టేసే సర్క్యూట్) ఎల్‌ఎన్‌బీల (డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే భాగాల) జత 60 సెంటీమీటర్ల డీటీహెచ్ డిష్‌లు రెండింటికి చక్కగా సరిపోతుంది. పాతరకం ఎల్‌ఎన్‌బీలలో దేని ఆసిలేటర్ దానిదే; ఫేజ్ (తరంగాల లయ) కుదరదు, వ్యతికరణ పట్టీలే (రెండు సిగ్నళ్లు కలిసినప్పుడు వచ్చే హెచ్చుతగ్గులే) రావు. పీఎల్‌ఎల్ వాటిలోనైతే రెండోదాని 25 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్ ఊడదీసి, మొదటిదాని నుంచి సన్నటి కోయాక్స్‌తో క్లాక్ ఇవ్వొచ్చు. కష్టమంతా ఇక్కడే: సోల్డరింగ్ వేడి ఎక్కువైతే ప్యాడ్ లేచిపోతుంది. రెండింటికీ 13 వోల్టులే ఇవ్వండి, ఒకదానికి 18 వెళ్తే పోలరైజేషన్ (అందుకునే తరంగాల కంపన దిశ) మారిపోతుంది.

డిష్‌లను తూర్పు-పడమరగా 1.5 మీటర్ల ఎడం పెడితే, 11.2 గిగాహెర్ట్‌జ్ దగ్గర పట్టీ వెడల్పు ఆకాశంలో దాదాపు 1 డిగ్రీ. మధ్యాహ్నం సుమారు 4 నిమిషాలకొకటి దాటుతుంది. ఎడం 3.5 మీటర్లకు చేరేసరికి అర డిగ్రీ సూర్యబింబానికి పట్టీలు చెరిగిపోతాయి.

మన సీమ ఎండకు ఎల్‌ఎన్‌బీ కాగి గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) జారుతుంది, దాన్ని సూర్యుడి మార్పుగా రాసుకోకండి. మెరిసే డిష్‌కు మ్యాట్ పెయింట్ తప్పదు, లేకుంటే ఎల్‌ఎన్‌బీ మూత కరుగుతుంది. మార్చి మధ్యలో, సెప్టెంబరు చివర్లో ఉపగ్రహాలు సూర్యుడికి అడ్డొస్తాయి. ఆ రోజుల రికార్డు పక్కన పెట్టేయండి.