శుభలేఖల కవర్లు, ఒక లాంగ్ బుక్: మూడేళ్లు వాడాక

ఇంటి ఖర్చుల డబ్బు కవర్లలో సర్ది, పుస్తకంలో రాసుకునే పద్ధతి 2022 జూన్‌లో మొదలుపెట్టాను. ఇది రాస్తున్నది 2025 అక్టోబరులో. మధ్యలో ఒక్క రోజు కూడా తప్పలేదని చెప్పను. ఒక వేసవిలో పుట్టింటికి వెళ్లి మూడు వారాలు పుస్తకం తెరవలేదు. మిగతా కాలమంతా మా ఇల్లు ఈ పద్ధతిలోనే నడిచింది. కొనాల్సిందల్లా 200 పేజీల లాంగ్ బుక్ ఒకటి, పెన్ను ఒకటి. జీతాలు రాగానే అద్దె, వాయిదాలు కట్టేసి, మిగిలింది నోట్లుగా తెచ్చి, ఖర్చుకో కవరు చొప్పున సర్దాలి. తీసినప్పుడల్లా పుస్తకంలో రాయాలి. అంతే. మా అమ్మమ్మ పప్పు డబ్బాల్లో చేసిన పని ఇదే, ఆవిడకు పుస్తకం అక్కర్లేకపోయింది.

మొదలుపెట్టిన నాటికి మా పరిస్థితి ఇది. కూకట్‌పల్లి వైపు అద్దె ఇల్లు, నెలకు 11,000. మా ఆయన జీతం 31,000, స్కూల్లో నాకు 16,000, సాయంత్రం ట్యూషన్ల మీద 4,000. ఇద్దరు పిల్లలు, అత్తయ్య. కరోనా రెండో విడతలో మా ఆయన ఆస్పత్రిలో పడ్డారు, ఆ తర్వాత కొన్నాళ్లు జీతం లేదు. అలా చేరిన అప్పులు నాలుగు రకాలు. రెండు క్రెడిట్ కార్డుల మీద కలిపి లక్షన్నర. తెలిసినవాళ్ల దగ్గర ప్రోనోటు రాసి తెచ్చిన లక్ష. రెండు లక్షల పర్సనల్ లోన్, ఈఎంఐ 6,836, ఇంకా 26 మిగిలి ఉన్నాయి. ఆడపడుచు దగ్గర చేబదులు 60,000.

కవర్ల కంటే ముందు ఫోన్లో ఖర్చుల యాప్ ఒకటి మూడు నెలలు వాడాను. మెసేజీలు చదివి రంగురంగుల చక్రం గీసి చూపించేది. డబ్బు ఎక్కడికి పోయిందో చక్కగా చెప్పేది, పోయాక. పైగా ఆ చక్రం కిందే "మీకు 50,000 లోన్ సిద్ధం" అని ప్రకటన. తీసేశాను.

పుస్తకం మొదటి పేజీలో అప్పులన్నీ రాద్దామని కూర్చుంటే అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఒకదాని వడ్డీ ఏడాదికి 14 శాతం, ఇంకొకటి నెలకు రెండు రూపాయలు, కార్డు వాళ్లది 3.5 శాతం అని చిన్న అక్షరాల్లో. 14 పెద్దదిగా, 3.5 చిన్నదిగా కనబడుతుంది కదా, నాకూ అలాగే కనబడింది. అప్పుడు అన్నిటినీ మన ఊళ్లలో అడిగేటట్టు, "నూటికి ఎన్ని రూపాయలు?" అని ఒకే కొలతలోకి మార్చి రాశాను. పర్సనల్ లోను రూపాయి పావలాకి కాస్త తక్కువ. ప్రోనోటు రెండు రూపాయలు. కార్డులు మూడున్నర రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీకి ఇస్తానంటే గుమ్మం తొక్కనివ్వం. అదే అప్పు రెండు కార్డులై, చక్కగా లామినేషన్ చేయించుకున్నట్టు, మా పర్సుల్లోనే ఉంది.

లెక్క వేస్తే ఇంకా కడుపు మండింది. లక్షన్నరకు నెల వడ్డీ 5,250, జీఎస్టీ 945, మొత్తం 6,195. మేం నెలనెలా బుద్ధిగా కడుతున్న మినిమం డ్యూ, ఐదు శాతం చొప్పున, 7,500. అంటే అసలులోంచి తగ్గుతున్నది 1,305. బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి గడువు రోజులు కూడా ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ. ఈ సంగతి స్టేట్‌మెంట్లో ఉంటుంది, ఎవరు చదువుతారు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ మొదటి పేజీయే. కవర్లు తర్వాతి సంగతి.

అయినా ఆరు నెలలు ఊగిసలాడాను, బంగారం తాకట్టు పెట్టడమంటే మా ఇంట్లో అదో అశుభం. చివరికి 2022 డిసెంబరులో నాలుగున్నర తులాలు బ్యాంకులో పెట్టి 1,40,000 తెచ్చి రెండు కార్డులూ తీర్చేశాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 9 శాతం, అంటే ముప్పావలా వడ్డీ. నెలకు ఆరు వేలు పోతున్న చోట 1,050తో సరిపోయింది. కార్డులకు కట్టే 7,500నే ఆపకుండా బంగారం లోనుకు కడుతూ వచ్చాను, మధ్యలో ఒకసారి రెన్యువల్ చేయించి. 2024 సెప్టెంబరులో నగలు ఇంటికొచ్చాయి. ఒక కార్డు కత్తిరించి పారేశాం. ఇంకోటి లిమిట్ తగ్గించి బీరువాలో పెట్టాం. కార్డు తీర్చి, మళ్లీ గీకడం మొదలుపెడితే మాత్రం బంగారమూ పోతుంది, బాకీ బాకీలాగే ఉంటుంది. మళ్లీ గీకం అన్న నమ్మకం లేనివాళ్లు ఈ పని చేయకండి.

ఇక కవర్లు. మొదట పోస్టాఫీసు ఖాకీ రంగు కవర్లు కొన్నాను, మూడు నెలల్లో చిరిగిపోయాయి. తర్వాత ఇంట్లో పడి ఉన్న శుభలేఖల కవర్లు తీశాను. దళసరిగా ఉంటాయి, మూలల్లో పసుపు మరకతో సహా ఇప్పటికీ అవే. ఎనిమిది కవర్లు: సరుకులు 6,500, పాలు కూరలు 4,000, గ్యాసు కరెంటు 2,000, పెట్రోలు ఆటో 2,000, మందులు 800, స్కూలు 3,500 (మా స్కూలే కాబట్టి పిల్లలకు ఫీజు తక్కువ), ఫోన్లు 900, చేతి ఖర్చు 900. ఆడపడుచుకు నెలకు 3,000 పక్కన పెట్టాక ఇక మిగిలేది 64 రూపాయలు. మధ్యలో జీతాలు కొంచెం పెరిగాయి. ఆ పెరిగింది ధరలే తినేశాయి కాబట్టి దాని గురించి చెప్పుకోవడానికేం లేదు.

కూరల కవరు బాగా పనిచేసింది. ఆదివారం పొద్దున్నే ఆ వారానికి లెక్కగా తీసుకుని రైతుబజారుకు వెళ్లడం, బోర్డు మీద ధరలు చూసి సంచి నింపుకోవడం. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు కవరే చెప్పింది, ఈ నెలంతా చింతపండే అని. పెద్దమ్మాయి ముఖం ముడుచుకుంది, అత్తయ్య మాత్రం పచ్చిపులుసు రోజులు తిరిగొచ్చాయని సంబరపడ్డారు. సరుకుల కవరు మాత్రం ఎప్పుడూ 26వ తేదీకే ఖాళీ. బియ్యం 25 కిలోల బస్తా రెండు నెలలకోసారి వస్తుంది, వచ్చిన నెల కవరు మునుగుతుంది. బస్తాలో సగం డబ్బు ముందు నెలలోనే పక్కన పెట్టాలని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

ఇబ్బందుల్లో మొదటిది చిల్లర. అందరూ స్కాన్ చేస్తుంటే మనం 500 నోటు తీస్తే పాల బూత్ అబ్బాయి మనల్ని వింతగా చూస్తాడు. చిల్లర బదులు చాక్లెట్లు. రెండోది, ఇంట్లో నోట్లు దాచడమే ఒక టెన్షన్. 2023 మే 19న రెండు వేల నోటు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించినప్పుడు నా స్కూలు కవర్లో మూడు ఉన్నాయి. బ్యాంకులో మార్చారు, కానీ ఎండలో క్యూ తప్పలేదు. మూడోది మా ఆయన. ఆయనకు నోట్లతో పని లేదు, టీ నుంచి పంక్చరు దాకా ఫోనే. పుస్తకంలో ఆయన చేతిరాతలో ఉండేది ఒకే మాట: "ఇతరములు 340". ఇంకో రోజు "ఇతరములు 610". ఒక రాత్రి నేను కూడా సరుకుల పేజీ మొత్తం కొట్టేసి "ఇతరములు 6,500" అని రాసి పెట్టాను. మర్నాడు పొద్దున చదివి నవ్వి, అప్పటి నుంచి "టీ, సమోసా, సమోసా" అని రాయడం మొదలుపెట్టారు. తర్వాత ఆయన కోసం వేరే ఖాతా ఒకటి తెరిచి, యూపీఐ దానికే ముడిపెట్టి, పెట్రోలు, చేతి ఖర్చు డబ్బు నెల మొదట్లో అందులో వేస్తున్నాం. జీతం ఖాతా ఫోన్లో లేదు. పూర్తిగా నోట్లతోనే నడపాలని పట్టు పట్టి ఉంటే ఈ పద్ధతి మా ఇంట్లో రెండో నెలకే మూలపడేది.

పుస్తకం వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంటుంది. అత్తయ్య కూడా చదువుతారు. అంతకు ముందు అప్పుల సంగతి ఆవిడకు సగమే తెలుసు.

పెద్ద దెబ్బ పెట్టుపోతల దగ్గర తగిలింది. నేను వేసిన ఎనిమిది కవర్లలో దానికి చోటే లేదు. 2023లో అధిక శ్రావణం వచ్చి ముహూర్తాలన్నీ నిజ శ్రావణంలోకి జరిగాయి. మూడు వారాల్లో రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, ఒక ఓణీల ఫంక్షన్. చదివింపులు ఒకచోట 1,116, ఇంకోచోట 516, బాగా దగ్గరివాళ్లకు బట్టలు, వెండి కుంకుమ భరిణె, ఊళ్లకు ఛార్జీలు. మొత్తం 9,400. ఎక్కడి నుంచి తీశానంటారా, స్కూలు కవర్లోంచి. ఆ టర్మ్ ఫీజు నెలన్నర ఆలస్యం. పనిచేసే స్కూల్లోనే పిల్లల ఫీజుకు గడువు అడగడం ఎలా ఉంటుందో అడిగినవాళ్లకే తెలుసు.

"చదివింపులు ఎక్కడికి పోతాయే, రేపు మన పిల్లల పెళ్లికి తిరిగొచ్చేవే కదా" అన్నారు అత్తయ్య. ఆవిడ మాటలో అబద్ధం లేదు. మా పెళ్లినాటి చదివింపుల పుస్తకం తీసి చూస్తే అవతలివాళ్లు రాయించిన 116లు, 216లు అన్నీ ఉన్నాయి, మనం తీర్చాల్సిన బాకీలే. కానీ ఇది పాట లేని చీటీ లాంటిది, మన వంతు ఎప్పుడొస్తుందో మనకు తెలియదు. ఈలోగా రెండు రూపాయల వడ్డీ నడుస్తోంది. "అత్తయ్యా, పిల్ల పెళ్లికి ఇంకా పన్నెండేళ్లుంది" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. మర్నాడు తన పింఛనులోంచి 500 తెచ్చి, "ఇదిగో, కొత్త కవరు పెట్టు" అన్నారు.

అది తొమ్మిదో కవరు. ఆ డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడంతో ఆటో ఖర్చు తగ్గింది. మిగిలిన 700 నేరుగా అందులోకి. ఇప్పుడు పెళ్లి పిలుపు వస్తే ముందు కవరు తెరిచి చూస్తాం. ఉంటే ఇద్దరం వెళ్తాం, లేకపోతే అత్తయ్యా నేనూ బస్సెక్కి వెళ్లొస్తాం. ఒకరిద్దరు నొచ్చుకున్నారు.

అప్పుల వరుస గురించి ఒక మాట. లెక్క తెలిసినవాళ్లు ఎక్కువ వడ్డీది ముందు తీర్చమంటారు. నేను కార్డుల విషయంలో అది చేశాను కానీ, ఆడపడుచు చేబదులును ప్రోనోటు కంటే ముందు తీర్చాను, 20 నెలల్లో. నెలకు ఆ 3,000 ప్రోనోటు అసలుకు కట్టి ఉంటే 11,000 పైచిలుకు వడ్డీ మిగిలేది. తెలిసే చేశాను. ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు, అదే నన్ను తినేసేది. రాఖీ పండక్కి వస్తుందంటే నేను వంటింట్లోంచి బయటికి రాకుండా పని కల్పించుకునేదాన్ని.

ప్రోనోటు దగ్గర పుస్తకం ఒకసారి గట్టిగా ఆదుకుంది. నోటు 2021 మేలో రాసింది, మూడేళ్లు నిండితే కోర్టుకు పనికిరాదు కాబట్టి 2024 ఏప్రిల్‌లోనే తిరగరాయమని అప్పిచ్చినాయన ఇంటికొచ్చారు. లక్షకే రాసి తెచ్చారు. అప్పటికి మార్చిలో 3,000, ఏప్రిల్‌లో 3,000 అసలు కింద ఇచ్చి ఉన్నాం, నోటు వెనక చెల్లు రాయించుకోలేదు, తప్పు మాదే. పుస్తకం తెచ్చి తేదీలు చూపించాను. ఆయన కాసేపు గొణిగి 94,000కు రాశారు. పాత నోటు వెనక్కి తీసుకున్నాకే కొత్త దాని మీద మా ఆయన సంతకం పెట్టారు. తర్వాత ఇచ్చిన ప్రతి పైసాకూ నోటు వెనక చెల్లు, సంతకం.

మందుల కవరు గురించి మంచి మాట చెప్పలేను. 2024 సెప్టెంబరులో చిన్నదానికి డెంగీ. మూడు రోజుల ఆస్పత్రి బిల్లు దాదాపు 16,000. కవర్లో ఉన్నది 1,900. అంతకు ముందు నెలలోనే పర్సనల్ లోను చివరి ఈఎంఐ అయిపోయింది, ఆ నెలలోనే బంగారం లోనూ ముగిసింది కాబట్టి ఆ వాయిదాల డబ్బుతో గట్టెక్కాం. అదే జ్వరం ఆరు నెలల ముందు వచ్చి ఉంటే బీరువాలోని కార్డు బయటికొచ్చేదే. అప్పులో ఉన్న ఇంటికి కవర్లు అత్యవసరాన్ని కాయలేవు. ఇప్పుడు పదో కవరు ఒకటి, జబ్బుల కోసం, బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ రూపంలో నడుపుతున్నాను.

2025 ఫిబ్రవరిలో ప్రోనోటు ఆఖరి 9,200 ఇచ్చి, కాగితం తెచ్చుకుని, రెవెన్యూ స్టాంపు మీదుగా చింపేశాం. చిన్నది ఆ ముక్కలతో పడవ చేస్తానంది.

రోజుకూలి, ఆటో, చిన్న వ్యాపారం వాళ్లకు నెల మొదట్లో సర్దే ఈ పద్ధతి ఇలాగే పనికిరాదు. మా కింద ఇంట్లో టైలరింగ్ చేసే ఆవిడ దీన్ని వారానికి మార్చుకుంది, నాలుగే కవర్లతో. అద్దె, వాయిదాలు పోగా తిండికే చాలని ఇంట్లో కవర్లు పెట్టినా ఖాళీ కవర్లే ఉంటాయి, అక్కడ చేయాల్సింది వేరే. భార్యాభర్తల్లో ఒకరికే తెలిసి నడిపితే అది లెక్కలా కాక నిఘాలా తయారవుతుంది, మాకూ మొదటి నెలలు అలాగే ఉండింది.

ఇప్పుడు నాలుగో లాంగ్ బుక్‌లో ఉన్నాం. చేతి ఖర్చు కవరు ఈ నెల కూడా 19వ తేదీకే ఖాళీ అయింది. చూస్తే మూడు చోట్ల "ఇతరములు" అని ఉంది, ఈసారి చేతిరాత పెద్దమ్మాయిది.